అన్న పెండ్లినాడు నేను కట్టిన కెర్నల్

ఇంటర్నెట్ నిదానమైతే టవరు వైపు తిరిగి దండం పెట్టుకునే కాలం ఒకటుండేది. తిట్టడం మేము తర్వాత నేర్చుకున్నాం. తమిళనాడులోని మా ధర్మపురిలో, బస్టాండు వెనక ఒక మేడ మీద, ఇళ్ళకు నెట్ కనెక్షన్లిచ్చే చిన్న ఆఫీసులో నేను అప్పుడే కొత్తగా చేరాను. నాన్న, అన్న ఇద్దరూ కట్టడం పనివాళ్ళు. మా ఇంట్లో నీడన కూర్చుని జీతం తీసుకునే మొదటి మనిషిని నేనే కాబట్టి, వీధిలో నా పేరు కంప్యూటరమ్మ. (కంప్యూటరమ్మ గురించి వీధికి ఉన్న గౌరవం కంటే కంప్యూటరమ్మకు తన మీద ఉన్న గౌరవమే ఎక్కువ.) అలా ఉండగా అన్నకు పెండ్లి కుదిరింది. ఇంకొన్నాళ్ళలో ముహూర్తమనగా, మారండహళ్ళిలో ఉండే మా అవ్వ, అంటే అమ్మ తల్లి, తోటలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా మంచం దిగకూడదన్నాడు డాక్టరు. అవ్వ ఏడుపు వినలేక నేను నోరు జారాను.

"ఏడవొద్దు అవ్వా. మా ఆఫీసు మిషనులో నుంచి నీ టీవీకే పెండ్లి పంపిస్తా. మండపంలో ఉండేవాళ్ళకంటే నీకే బాగా కనిపిస్తాది."

"నిజంగానా పాపా? నువ్వు మూడో ముడి వేసేది కూడా చూడొచ్చునా?" (మాలో తాళికి మూడో ముడి పెండ్లికొడుకు చెల్లెలు వేయాలి.)

"అదే ముందు చూస్తావు."

ఫోనులో చూపిస్తే పోదా అనుకుంటారేమో. అవ్వ ఇంటి దగ్గర ఫోనుకు సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. కట్టు కట్టిన కాలితో ఆవిడ మంచమే దిగలేదు. టీవీకైతే మా ఆఫీసు లైను ఉంది. సరే, పరీక్షగా పంపి చూస్తే, అవ్వ టీవీలో బొమ్మ ఒక అడుగు నడిచి రాయిలా నిలబడిపోయింది. కారణం కనుక్కునేసరికి నాకు చుక్కలు కనిపించాయి. మారండహళ్ళికి లైను గాల్లో పోతుంది. గాలి వీచి యాంటెన్నా ఊగితే పంపినదాంట్లో కొన్ని ముక్కలు దారిలో పోతాయి. ముక్కలు పోయాయంటే దారిలో నెరిసల్ (రద్దీకి మా వైపు మాట) ఉన్నట్టేనని, అన్ని ఊళ్ళకూ నెట్ పంపే మా మిషను నమ్మకం. వెంటనే వేగం తగ్గించేసేది. నిజానికి దారి ఖాళీ. ఉన్నదల్లా గాలే.

దీనికి మందు ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలో, అంటే కెర్నల్లో, ఉందని చదివాను. నెరిసల్‌ను అంచనా వేసే పద్ధతులు అందులో చాలా ఉన్నాయి. మాలాంటి గాలి లైన్లకోసం చేసినవీ ఉన్నాయి. అయితే మా మిషనుకు కెర్నల్ కట్టినవాడు నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నతను; అవేవీ పెట్టకుండా కట్టి, హోసూరులో ఉద్యోగం చూసుకుని పోయాడు. మళ్ళీ మొదటినుంచి అన్నీ ఎంచి కట్టాల్సిందే. మా యజమానిని అందరం ముదలాళి అనేవాళ్ళం. ఆయన్ను అడిగితే, "కట్టు పాపా. అయితే జనం వాడే పొద్దులో మిషను ఆపకూడదు. పెండ్లినాడు తెల్లారినాక వచ్చి మార్చుకో," అన్నాడు.

ముందురోజు పొద్దున నీలం తెర ముందు కూర్చున్నాను. ఇది కావాలా, వద్దా అని అడిగే ప్రశ్నలు కుప్పలు. నెరిసల్ భాగానికి వచ్చేసరికి రాణిలా వెలిగిపోయాను. రీనో, వేగాస్, ఇల్లినాయ్, వెస్ట్‌వుడ్... పద్ధతులకు అన్నీ అమెరికా ఊళ్ళ పేర్లే. సేలం దాటి ఎరగనిదాన్ని, అన్ని ఊళ్ళకూ కావాలని చెప్పి, గాలి లైన్లకు మంచిదన్న వెస్ట్‌వుడ్‌ను పట్టంకట్టి కూర్చోబెట్టాను. మిగతా భాగాల్లో నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ చాలా ప్రశ్నల కింద, 'తెలియకపోతే వద్దని చెప్పు' అని ఒక సలహా ఉంది. అంత మర్యాదగా నాతో అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు. తెలియని ప్రతిదానికీ వద్దని చెప్పాను. సలహా లేని చోట కూడా. సాయంత్రానికి కెర్నల్ తయారైంది. డిస్కులో చోటు చాలకపోతే పాత కెర్నల్‌నూ, కట్టేటప్పుడు పోగైన సరుకునూ తుడిచేశాను. ఇంట్లో నలుగుకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను.

తెల్లారింది. పట్టుచీర, తలనిండా మల్లెపూలు. పది నిమిషాల పని అని అమ్మకు చెప్పి ఆఫీసుకొచ్చి మిషను ఆపి మళ్ళీ పెట్టాను. తెర వెలిగింది. నెరిసల్ తీర్చే పద్ధతులన్నీ వరుసగా ఉన్నాయి. మిషనును లైనుతో కలిపే నెట్‌వర్క్ కార్డు మాత్రం లేదు. ఏదో కంపెనీ పేరూ పక్కన అంకెలూ ఉంటే తెలియదు కదా అని వద్దన్నాను. మా కార్డును నడిపేది అదేనట.

నల్లంపల్లి నుంచి మారండహళ్ళి దాకా లైను పోయింది. ఫోన్లు మోగుతున్నాయి. ముదలాళి పరుగున వచ్చాడు.

"ఏం పాపా, నెరిసల్ పోయిందా?"

"పోయింది సార్."

"మరి లైను?"

"అది కూడా పోయింది సార్."

ఆయన కూర్చుని గ్లాసెడు నీళ్ళు తాగాడు. "పోనీలే. ఇప్పుడు దారి బాగా ఖాళీగా ఉంటాది," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పాతది తుడిచేశాను కదా, మళ్ళీ మొదటినుంచి కట్టడం మొదలుపెట్టాను. ముసలి మిషను మూలుగుతూ నడుస్తోంది. అమ్మ ఫోను. "యాడుండావే? పెండ్లికూతురు వచ్చి కూచునింది!"

"వస్తా ఉండా మా. ఇంకొంచెం."

పోతే, అవ్వ ముందు టీవీ నల్లగానే ఉండిపోతుంది. ఉంటే, ముడి దాటిపోతుంది. తాళి కట్టేలోగా అయిపోతుందని మిషను చెప్పలేదు, నేనే నమ్మాను. చివరిసారి అమ్మ చేసినప్పుడు ఫోనులో గట్టిమేళం వినపడుతోంది. "చిన్నమ్మ కూతుర్ని వేయమను మా," అని నా నోటితో నేనే చెప్పి, పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ముదలాళి చూడనట్టు అటు తిరిగి, ఫోను చేసినవాళ్ళందరికీ టవరు మీద కాకి గూడు పెట్టిందని చెబుతున్నాడు.

ఆఖరికి మిషను లేచింది. లైను వచ్చింది. మండపంలో కెమెరా చూపిస్తున్నది తెర మీదికి తెచ్చాను. గాజులా తేటగా ఉంది బొమ్మ. తాళి అయిపోయింది. జనం బంతి భోజనానికి లేస్తున్నారు. వేదిక ముందు ఒక నులకమంచం. దాని మీద కొత్త చీర కట్టుకుని, కట్టు కాలు చాపుకుని, మా అవ్వ లడ్డు తింటోంది.

మామకు ఫోను చేశాను. (అవ్వ ఉండేది ఆయన దగ్గరే.) "మామా, అవ్వ ఆడికి ఎట్లొచ్చింది?"

"టీవీ నల్లగానే ఉండింది పాపా. 'నా మనవరాలు చూపిస్తానని చూపించలేదంటే ఏదో కష్టంలో ఉండాది, నన్ను ఎత్తుకోని పోండి' అని ఒకటే గోల. టమేటా టెంపోలో మంచంతోనే ఎక్కించినాము."

అవ్వ ఫోను లాక్కుంది. "నీ మిషను మంచిదే పాపా. అది సరిగ్గా ఉండుంటే నేను ఇంట్లోనే పడుండేదాన్ని. నువ్వే, పాపం..."

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చోబెట్టుకుని పెండ్లంతా నాకు చెప్పింది, ఎవరు ఏ చీర కట్టినారో, ఎవరు అలిగినారో సహా. "మూడో ముడప్పుడు మాత్రం కండ్లు మూసుకున్నా. నువ్వే వేసినావనుకున్నా," అంది.

ఇప్పుడు అవ్వ లేదు. నేనూ హోసూరులోనే పనిచేస్తున్నాను. కెర్నల్ కట్టమని నన్నెవరూ అడగరు, తయారుగానే వస్తాయి. మొన్న అన్న కూతురు వాళ్ళ అమ్మానాన్నల పెండ్లి ఆల్బం ముందేసుకుని అందరినీ గుర్తుపడుతోంది. ఆఖరికి ఆకు ముందు కూర్చున్న టెంపో డ్రైవరు కూడా ఉన్నాడు. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు తిప్పి, నా ముఖం చూసింది.

"అత్తా, అప్పటికి నువ్వు పుట్టలేదా?"

పట్టుచీరలో, వాడిన మల్లెపూలతో, తెర ముందు గుడ్లప్పగించి కూర్చున్న ఆ పిల్ల కళ్ళముందు మెదిలింది. నవ్వొచ్చింది.

"పుట్టినాను బంగారూ," అన్నాను. "ఇంకా కండ్లు తెరవలేదు."