కారం మరకు లైసెన్సు

అద్దంకి నుంచి నేను ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి డబ్బు పంపేవారు. ఊళ్ళో నాలుగు గొడవలు జరిగితే మా ఇల్లు బాగా నడిచేది, ఊరు ప్రశాంతంగా ఉంటే మాకు కష్టం. అందుకని నా భార్య వేసవిలో పెరట్లో కారం దంచి ఇచ్చేది.

ఎనభైల మధ్యలో ఆమె పాలిచ్చే గేదెను అమ్మేసి, కరెంటుతో నడిచే చిన్న కారం మర కొన్నది. మర వసారాలో దిగి, తిరగడం మొదలైన కొద్దిరోజులకే పంచాయతీ గుమస్తా వచ్చాడు.

"రోలూ రోకలీ అయితే మేం అడగం విలేకరిగారూ. మోటారు పెట్టారు కదా, లైసెన్సు కావాలండి."

"ఇంట్లో చేసుకునే పనికి కూడానా?"

"ఎక్కడున్నా మోటారు మోటారేనండి. ఊరందరికీ వార్తలు చెప్తారు, ఈ సంగతి మీకు తెలీదా?"

దరఖాస్తు పెట్టాం. అభ్యంతరాలుంటే తెలపమని మా గోడకే నోటీసు అంటించి, లైసెన్సు వచ్చేదాకా మర తిప్పవద్దన్నారు. అవతల పచ్చళ్ళ కాలం. జనం ఇచ్చిపోయిన మిరపకాయలు తొడిమలు తీసి వసారాలో ఉన్నాయి. ఆమె రోజూ మర మీద దుమ్ము తుడిచి, మళ్ళీ గోనెపట్టా కప్పేది. గేదె పోయింది, మర కూడా పోతే ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియదు.

అభ్యంతరం ఒక్కటే వచ్చింది, పక్కింటి టీచరమ్మగారి నుంచి. మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి. పైగా ఉబ్బసం. అలాంటామె వద్దంటే ఏ అధికారి సంతకం పెడతాడు? నా భార్య ఆ పూట అన్నం ముట్టలేదు.

విచారణకు వచ్చిన పంచాయతీ అధికారి మా వసారాలోనే కూర్చున్నారు. మర నడవడం లేదని తెలిసినా టీచరమ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వచ్చారు.

"ఘాటుకు తట్టుకోలేకపోతున్నారా అమ్మా?" అని అడిగారాయన.

"ఘాటు నాకు కొత్తా? రోట్లో దంచినన్నాళ్ళూ పక్కనే ఉన్నాగా. అప్పుడీ అమ్మాయి గోడ మీంచి 'టీచరుగారూ, కారం దంచుతున్నామండీ' అని కేకేసేది. నేను తలుపులేసుకుని చర్చికో బజారుకో పోయేదాన్ని. మోటారొచ్చాక ఈ పిల్లకు నోరు పెగల్లేదు. ప్రార్థనలో కూర్చుంటే తుమ్ములే తుమ్ములు! ఆమెన్ అనడానిక్కూడా సందు దొరకలేదు."

అధికారి నవ్వు ఆపుకున్నారు.

"మరకు మూతుంది కదా, ఘాటు బయటికి రాదనుకున్నానండీ," అంది నా భార్య.

నిజమే. మా వైపు కారం దంచబోయే ముందు ఇరుగుపొరుగుకు కేకవేస్తారు. ఒకరు నేర్పింది కాదు, అందరూ చేసేదే. మర అమ్మినవాడు మూత గురించి గొప్పగా చెప్పాడు. దాంతో మా ఇంట్లో ఆ కేక ఆగిపోయింది.

"మూతకు ముక్కుందా, తెలియడానికి?" అన్నారు టీచరమ్మగారు.

"ఇకనుంచి చెప్తానండీ. మీ ప్రార్థన అయ్యాకే మీట నొక్కుతా."

"అయితే నాకేం అడ్డు లేదు. రాసుకోండి సార్. నా కాయలూ ఇక్కడే కొట్టించుకోవాలి. బజారు మరలో ఎవరి కారంలో ఏది కలుస్తుందో!"

నా భార్య అధికారికి మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, ముందు తనే ఒక చెంబెడు గడగడా తాగింది.

లైసెన్సు చేతికొచ్చిన ఉదయం గోడ మీది నోటీసు పీకేశాను. ఆ నెలంతా ఊళ్ళో చెప్పుకోదగ్గ గొడవ ఒక్కటీ లేదు. నాకు మొదటిసారిగా అది మంచి వార్తే అనిపించింది. ఆమె గోనెపట్టా తీసి, మీట మీద చెయ్యి పెట్టబోయి ఆగింది. ప్రహరీ దగ్గరికి వెళ్ళింది.

"టీచరుగారూ, కారం కొడుతున్నామండోయ్!"

అవతల కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. చివరి రెక్క వెనకనుంచి మాట వినిపించింది.

"కానీయమ్మా!"