మామను తీసేసిన ఏడాది

మా ఆయనకు మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది చదువు వల్ల కాదు, హాకీ వల్ల. సికింద్రాబాదులో ఆయన గోల్ కీపరుగా ఆడుతుంటే ఎవరో చూసి, ఒమన్‌లోని ఒక కట్టుబడి కంపెనీకి చెప్పారు. డెబ్బైల్లో అక్కడ శుక్రవారం సెలవు పూట పనివాళ్ళకు ఉన్న వేడుక హాకీ ఒక్కటే. కొన్ని కంపెనీలకు సొంత జట్లుండేవి. ఆటగాడికి స్టోర్ కీపరనో, డ్రైవరనో ఏదో ఒక ఉద్యోగం ఇచ్చి రప్పించుకునేవి. ఎండాకాలం ఆట ఉండదు. ఎవరి అగ్రిమెంటు అయిపోతోంది, ఎవర్ని ఉంచుకుంటారు, ఎవర్ని వదిలేస్తారు, వదిలేసినవాణ్ణి ఏ కంపెనీ పట్టుకుపోతుంది? ఎండలు తగ్గేదాకా టీ కొట్ల దగ్గర ఇదే చర్చ. పై అంతస్తులు ఎక్కి ఇటుకలు మోసేవాళ్ళు కూడా తమ జట్టు గురించి కంపెనీ యజమానికంటే గట్టిగా మాట్లాడేవాళ్ళు.

అలాంటి ఒక ఎండాకాలం చివర మేం ఆ ఊళ్ళో దిగాం. నాది తెనాలి. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. హాకీ కర్రకు ఏది పైవైపో, ఏది కిందవైపో కూడా నాకు తెలియదు.

మస్కట్ శివారు దార్‌సైట్‌లో గుట్ట వారన కంపెనీ క్వార్టర్లు. సంసారాలకిచ్చే ఇళ్ళు చాలా తక్కువ. అందులో ఒకటి మాకిచ్చారు. వంటింటి మూలలో తిరగలి ఒకటి ఉంది, రెండు రాళ్ళూ అరిగి నున్నగా. దేశంకాని దేశంలో తిరగలి కనబడేసరికి నాకు పుట్టింటికి వచ్చినంత సంబరమైంది. మర్నాడు తలుపు గడియ బాగుచేయడానికి ఒక మేస్త్రి వచ్చాడు. ఆర్మూరు వైపు మనిషి. తెలుగు వినబడగానే నేనే పలకరించాను.

"ఈ తిరగలి ఎవరిదండీ?"

అతను తలెత్తలేదు. "మామ పెండ్లాంది."

"మరిచిపోయారా?"

"మరిచిపోవుడేంది? ఇమానంల రాళ్ళు ఎట్ల తీస్కపోతది? కొత్త గోల్ కీపర్ అస్తున్నడు, రూమ్ ఖాళీ చెయ్యిమన్నది కంపెనీ. ఇడిసిపెట్టి పోయింది." గడియ బిగించి, పనిముట్లు సంచిలో వేసుకుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగకుండా వెళ్ళిపోయాడు.

మామ ఎవరో తరవాత పక్కింటివాళ్ళు చెప్పారు. కరీంనగరు వైపునుంచి వచ్చిన మనిషి. కంపెనీ నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. జట్టు పుట్టిన నాటినుంచీ గోలు ముందు నిలబడింది అతనే. మలయాళీలూ, పఠాన్లూ, అందరూ అతన్ని మామా అనే పిలిచేవారు. కిందటి సీజను ఆఖరి ఆటలో గోల్స్ వదిలేశాడని, వయసైపోయిందని ముదీరు, అంటే కంపెనీ పెద్ద, అగ్రిమెంటు మళ్ళీ రాయలేదు. ఇంకో చిన్న కంపెనీ డ్రైవరుగా తీసుకుంది. వాళ్ళ జట్టులో ఆడమంది కూడా. కాని సంసారానికి ఇల్లు ఇవ్వలేమంది. భార్యనూ కూతురినీ ఊరికి పంపేసి, అతను నలుగురైదుగురితో కలిసి ఒక రూములో ఉంటున్నాడు.

ఆ సంగతి తెలిసిన పూట నేను మినుములు విసరబోయి, తిరగలి దగ్గర కూర్చుని, లేచి వచ్చేశాను. మళ్ళీ రెండు రోజులకు విసిరాను. ఇంట్లో ఇంకో తిరగలి లేదు కదా.

కంపెనీ తీసేసిన మనిషిని పనివాళ్ళు తీసేయలేదు. ముదీరును ఏమీ అనలేరు. మమ్మల్ని అనగలరు. మా ఆయన ప్రాక్టీసుకు వెళ్తే గట్టున కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారట. మొదటి ఆటలో బంతి మా గోలు వైపు వచ్చినప్పుడల్లా "మామా! మామా!" అని అరిచారు. ఆ మేస్త్రి ఖాళీ రంగు డబ్బా ఒకటి తెచ్చుకుని దాని మీద కర్రతో వాయిస్తూ అరిపించాడు. వాళ్ళకు నాయకుడు అతనే. మా ఆయన ఒక్క గోలూ వదల్లేదు. అయినా చప్పట్లు లేవు.

అప్పట్లో ఇళ్ళకు నీళ్ళు ట్యాంకరుతోనే. ట్యాంకరు మా వీధిలోకి వచ్చి, అన్ని ఇళ్ళకూ పోసి, చివర మా ఇంటి ముందు ఆగేది. పైపులోంచి బిందెడు నీళ్ళు వచ్చి ఆగిపోయేవి.

"ఒడిసినయ్ అమ్మా," అనేవాడు కొత్త డ్రైవరు, ఎటో చూస్తూ.

నాకు కోపం రాలేదు. ఈ నీళ్ళు మోసుకొచ్చినవాడి ఇంట్లోనే కదా మనం ఉన్నాం అనిపించేది. మా ఆయనతో ఒకసారి అన్నాను.

"మీరు ముదీరుగారితో ఒక్క మాట చెప్పకూడదూ? ఆయన్ను డ్రైవరుగానైనా మళ్ళీ తీసుకోమనండి. మనం ఇంకెక్కడన్నా సర్దుకుందాం."

ఆయన కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లకు సుద్ద పూస్తున్నాడు. "నేనేమన్నా ఆయన్ని తోసేసి వచ్చానా? పిలిచారు, వచ్చాను. రేపు నాకంటే బాగా ఆడేవాడు దొరికితే నన్నూ పంపిస్తారు. అప్పుడు నాకోసం ఎవరు చెప్తారు?"

అందులో తప్పేమీ కనబడలేదు నాకు. అందుకే ఇంకా బరువుగా అనిపించింది.

ఒక శుక్రవారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడైంది. పొడుగాటి మనిషి, నెరిసిన మీసాలు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. గడప అవతలే నిలబడ్డాడు.

"చెల్లే, అటక మీద నా బిడ్డ పలక, చెప్పులు ఉన్నయట. మరిచిపోయిందట. ఉత్తరంల రాయించింది."

ఎవరో అర్థమైంది. స్టూలు వేసుకుని ఎక్కి చూస్తే నిజంగానే ఉన్నాయి. ఎర్ర రబ్బరు చెప్పులు, చిన్నవి. దుమ్ము దులిపి ఇచ్చాను. లోపలికి రమ్మంటే రాలేదు. టీ ఇస్తే అక్కడే నిలబడి తాగాడు.

"అన్నా, అక్కయ్య బాగున్నారా?"

"ఉన్నది. ఆడ ఉండుడు వేరు, ఈడ ఉండుడు వేరు." గ్లాసు నాకిస్తూ బయట ఖాళీ డ్రమ్ముల వైపు చూశాడు. "నీళ్ళు వోస్తలేరా?"

నేను గ్లాసు కడగడానికన్నట్టు లోపలికి తిరిగాను.

"నేను చెప్త వాళ్ళకు. నీళ్ళేం పాపం చేసినయ్?"

ఆ వారంనుంచే డ్రమ్ములు నిండాయి. అతను చెప్పబట్టే మాకు స్నానాలకు నీళ్ళొచ్చాయి. తిరగలి సంగతి అతను ఎత్తలేదు. తీసుకెళ్తారా అని అడగాల్సింది నేను. అడిగితే తీసుకెళ్తాడేమోనని అడగలేదు.

చలికాలంలో మా జట్టుకూ, మామ చేరిన జట్టుకూ ఆట పడింది. మస్కట్ పక్కనే రూవీలో ఎండిన వాగు పక్కన గులకరాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, చదును చేసిన మైదానం. మా కంపెనీ పనివాళ్ళలో సగానికి సగం అవతలి వైపు వెళ్ళి కూర్చున్నారు. డబ్బాలు, పళ్ళేలు, ఈలలు. మేస్త్రి తలకు రుమాలు చుట్టుకుని అందరికంటే ముందున్నాడు. ఆడవాళ్ళం కొద్దిమందిమి కంపెనీ జీపు పక్కన చాప పరుచుకుని కూర్చున్నాం.

మామ బాగా ఆడాడు. మావాళ్ళు కొట్టిన బంతుల్ని కాలితో అలా పక్కకు నెట్టేస్తుంటే, ఇతన్ని ఎందుకు తీసేశారా అని నాకే అనిపించింది. మా ఆయనా అలాగే ఆడాడు. ఆట చివరికొచ్చేదాకా ఎవరికీ గోలు పడలేదు. అప్పుడు మావాడొకడు గోలు ముందు గీసిన అర్ధవలయం అంచునుంచి మెల్లగా ఒక బంతి కొట్టాడు. గోలు పడుతుందన్న ఆశ కొట్టినవాడికే లేదు. మామ కాలు చాపాడు. బంతి రాయికి తగిలి ఎగిరి, అతని బూటు మీదుగా లోపలికి పోయింది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు. మా ఆయన గెలిచాడని కొట్టి ఉంటాను. నా పక్కవాళ్ళెవరూ కొట్టలేదు. మైదానం మొత్తంలో ఆ చప్పుడు నాదొక్కదానిదే. బంతి తీయడానికి గోలులోకి వంగిన మామ లేచి, మావైపు చూశాడు. నేను చేతులు దించుకుని కూర్చున్నాను.

ఆ ఒక్క గోలుతో మేమే గెలిచాం. ఆట అయ్యాక అవతలి గట్టున చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఆ తరవాత మేస్త్రి డబ్బాను బోర్లా పడేసి, మా జీపు వైపు నడిచి వస్తూ ఎవరితోనో అంటున్నాడు.

"గసొంటి బంతి కూడా ఆపకపోతె ఎట్ల? ముసలోడైండు. కంపెనీ తీసేసుడే మంచిదైంది."

పక్కనున్నవాళ్ళు ఔనన్నారు. అప్పటిదాకా మామా అని గొంతు చించుకున్నవాళ్ళు మా ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ఆయన నవ్వుతూ, దించండిరా అంటున్నాడు. అవతలి గోలు దగ్గర మామ నేల మీద కూర్చుని ఒక్కో పట్టీ విప్పుకుంటున్నాడు. అతని జట్టువాళ్ళు కూడా దగ్గరికి పోలేదు. నేను వెళ్ళి పలకరించి ఉండవచ్చు. ఆడదాన్ని, అంతమంది మగవాళ్ళ మధ్యలోంచి ఎలా వెళ్తాను అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాటినుంచి ట్యాంకరు మా ఇంటి ముందే మొదట ఆగేది. మేస్త్రి ఖర్జూరాల పొట్లం పట్టుకొచ్చి, "చెల్లే, గడియ మంచిగ పడుతున్నదా?" అని అడిగాడు. మంచినీళ్ళు అడిగి మరీ తాగాడు. మామ గురించి ఎత్తాను.

"మీరంతా ఆయన్ని అంత ప్రేమించారు కదండీ. ఒక్క గోలుకే?"

మేస్త్రి ముఖం కాస్త ముడుచుకుంది. "ప్రేమ లేదని ఎవరన్నరు? గెలుస్తడనే గద అరిసినం," అన్నాడు. ఆ తరవాత కాసేపు గడియను అటూ ఇటూ లాగి చూసి, వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మళ్ళీ టీ కొట్ల చర్చలు. మా ఆయన అగ్రిమెంటు పొడిగించారు. అవతలి కంపెనీ మామను జట్టులోంచి తీసేసి, డ్రైవరుగా మాత్రం ఉంచుకుంది. ఈసారి ఎవరూ డబ్బాలు వాయించలేదు.

నేను అప్పటికి కడుపుతో ఉన్నాను. పురిటికి తెనాలి వెళ్తున్నానని తెలిసి మామ ఒక పొట్లం తెచ్చాడు. నైలెక్సు చీర, పౌడరు డబ్బా, కూతురికి గౌను గుడ్డ. "వీలైతేనే చెల్లే. లేకపోతే పోస్టుల పంపు," అన్నాడు. చప్పట్ల సంగతి అతని ముఖంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఏమీ కనబడలేదు.

పోస్టులో పంపలేదు. పాపకు మూడు నెలలు వచ్చాక, తిరిగి వచ్చేముందు, మా మరిదిని తోడు తీసుకుని, కరీంనగరు దాకా బస్సులో, అక్కడినుంచి జట్కాలో ఆ ఊరికి వెళ్ళాను. ఆమె వాకిట్లో బీడీలు చుడుతోంది. ఎవరమో చెప్పగానే చేతిలో ఆకు కింద పెట్టి, నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"నువ్వేనా?" అంది.

అన్నం పెట్టింది. వద్దంటే వినలేదు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. "కోపమచ్చింది. కంపెనీ మీద కాదు, నీ మీదనే. మొఖం ఎర్కలేకున్నా తిట్టుకున్న. నా పొయ్యి మీద ఎవతో వండుతున్నదని."

"నిజమే అక్కా, వండుతున్నాను. మీ తిరగలిలోనే విసురుతున్నాను."

"ఇసురు మరి. రాయి ఊకె ఉంటె ఏమొస్తది?" అని, పాపను నా ఒళ్ళోంచి తీసుకుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "ఎదురింట్ల అరబ్బు అవ్వ ఉండె. నా బిడ్డను ఎప్పుడూ ఎత్తుకునేది. యాద్ చేస్తున్నదా మమ్మల్ని?"

మా ఎదురింటి ముసలమ్మ నన్ను చూసి నవ్వేది. నాకు అరబ్బీ రాదు, ఆమెకు ఇంకేదీ రాదు. ఎవరినైనా తలుచుకుంటోందో లేదో నాకెలా తెలుస్తుంది?

"రోజూ అడుగుతుంది," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. అప్పటికప్పుడు కూతురిని పక్కింటికి తరిమి బియ్యప్పిండి తెప్పించింది. ఇద్దరూ కూర్చుని పొద్దుగూకేలోపు సకినాలు చుట్టి, నూనెలో వేయించి, ఒక రేకుడబ్బాలో సర్దారు. "మేం పంపినమని చెప్పు," అంది డబ్బా నా చేతిలో పెడుతూ. కూతురు అడుగూడిన తన పాత చెప్పుల్లోనే బస్సు దారి దాకా వచ్చి చేయి ఊపింది.

మస్కట్‌లో దిగిన మర్నాడే డబ్బా తీసుకుని ఎదురింటికి వెళ్ళాను. నేను చేసింది కాదని, ఇంతకుముందు మా ఇంట్లో ఉన్నావిడ పంపిందని చేతులతో చెప్పాను. మా ఇల్లు చూపించాను, ఆకాశం చూపించాను, చిన్నపిల్ల ఎత్తు చూపించాను. ముసలమ్మ నా ఒళ్ళో ఉన్న పాప వైపు చూపించి, "జేన్, జేన్," అని, బాగుంది బాగుంది అన్నట్టు, నా చెంప నిమిరింది. సకినం కొరికి, ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి, తలా ఒకటి పెట్టి, ప్రతివాళ్ళకూ నన్ను చూపించింది. నేను ఇంకోసారి చెప్పబోయాను. వాళ్ళంతా నవ్వుతున్నారు. ఊరుకున్నాను.

సాయంత్రం ఆ ఇంటినుంచి మట్టి గిన్నె నిండా హల్వా వచ్చింది. గులాబీ నీళ్ళ వాసన వేస్తోంది. ప్రాక్టీసునుంచి వచ్చిన మా ఆయన స్నానం కూడా చేయకుండా గిన్నె ముందేసుకుని, "ఎంత బాగుందే! ఏమిటి విశేషం?" అని అడిగాడు. పాప పుట్టినందుకు ఇచ్చారని చెప్పి, నా వాటా నేను పెట్టుకున్నాను.