ఖాళీ కుర్చీ

మా బడిలో లెక్కల మేడం క్లాసులో వెనక ఎప్పుడూ ఒక ఖాళీ కుర్చీ ఉండేది. మిరపకోతలకు వెళ్లొచ్చిన పిల్లలకు భిన్నాలు ఎక్కడం లేదని ఆవిడ దిగులు. “ఒక్కసారి వచ్చి కూర్చోండి మాస్టారూ, నేనెక్కడ తప్పుతున్నానో చెప్పండి” అని తోటి టీచర్లం మా అందరినీ బతిమాలేవారు. ఎవరమూ వెళ్లలేదు. వెళితే, రేపు ఆవిడ మా క్లాసుకూ వస్తానంటారేమోనని భయం.

ఒకరోజు హెడ్మాస్టరు గారు రమ్మంటే ఐదుగురం కలిసి వెళ్లాం. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పిల్లల్ని జరిపి మాకు చోటిచ్చి, బోర్డు మీద సగం, పావు గీయబోయారు. హెడ్మాస్టరు గారు ఫోన్‌తో ఫోటో తీసి, “చాలండీ, తోటి టీచరు క్లాసు చూశామని పైవాళ్ల యాప్‌లో పెట్టేస్తా” అన్నారు. అందరం లేచాం.

“కూర్చోండి మాస్టారూ, నేనింకా మొదలే పెట్టలేదు” అన్నారావిడ, సుద్దముక్క పట్టుకునే.

కూర్చోవాలనే ఉంది. మిగతావాళ్ల వెనకే బయటికొచ్చేశాను.

ఆ ఫోటోలో మాత్రం నేను చాలా శ్రద్ధగా వింటున్నాను.