సొన్నమ్మ పోసిన కొత్త ఇసుక

మా ఊళ్ళో ఇసుకకు కరువు లేదు. రాబర్ట్‌సన్‌పేటలో ఏ మేడ ఎక్కి చూసినా, బంగారం తీసుకుని గనుల వాళ్ళు పారబోసిన సైనైడు దిబ్బలే కనిపిస్తాయి. గాలి కాలంలో ఆ దుమ్ము వచ్చి మా అంగట్లో బెల్లం దిమ్మెల మీద కూడా కూర్చుంటుంది. అటువంటి ఊళ్ళో ఉంటూ అర బస్తా ఇసుక కోసం సొన్నమ్మ బైరకూరు దాకా బస్సులో వెళ్ళి వచ్చింది. ఎందుకు వెళ్ళిందో చెప్పాలంటే ముందు సొన్నమ్మ గురించి చెప్పాలి. నా నోటి దురుసు గురించి కూడా చెప్పాలి, తప్పదు.

ఊరిగాం స్టేషనుకు పోయే దారిలో రేకుల కప్పు కింద ఆమె బొరుగుల బట్టీ ఉండేది. పొట్టి మనిషి. పొయ్యి సెగకు కనుబొమలు పలచబడిపోయి, మొహం ఎప్పుడూ కొంచెం ఆశ్చర్యపోతున్నట్టు ఉండేది. పది మాటలకు ఒక మాట బదులు చెప్పేది. పొద్దున్నే నీలగిరి ఆకు పొయ్యిలోకి తోసి, పెద్ద మూకుట్లో ఇసుక బాగా కాగాక, ఉప్పు పట్టించిన బియ్యం ఒక పిడికెడు అందులోకి విసిరేది. పుల్లల కట్టతో నాలుగు తిప్పులు తిప్పేలోగా మూకుడంతా తెల్లగా పొంగేది. జల్లెడలోకి తోడి ఆడిస్తే ఇసుక కిందికి, బొరుగులు పైకి. భర్త రామకృష్ణప్ప గనిలో ముప్ఫై ఏళ్ళు చేసి, ఆ దగ్గుతోనే రిటైరై, పక్కన కూర్చుని పొట్లాలు కట్టేవాడు. పిల్లలు లేరు.

బట్టీ వాళ్ళకు పాత ఇసుక అంటే ప్రాణం. కొత్త ఇసుక బియ్యానికి అంటుకుంటుంది, పంటి కింద రాయి తగులుతుంది. ఏళ్ళ తరబడి కాగి కాగి నల్లబడి నున్నబడ్డ ఇసుకలోనే బొరుగు తేలిగ్గా పొంగుతుందట. సొన్నమ్మ ఇసుక ఆమె అత్త చిన్నవెంకటమ్మ చేతి నుంచి వచ్చింది. రోజూ సాయంత్రం పొయ్యి చల్లారాక దాన్ని కుండకెత్తి, కళ్ళకద్దుకుని, లోపల పెట్టేది. స్టేషనుకు పోతూ అది చూసినప్పుడల్లా నేనూ మా ఆయనా నవ్వుకునేవాళ్ళం. మట్టికి మొక్కే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

నా పేరు అంబుజమ్మ. మా ఆయన శ్రీకంఠయ్యకు బజారులో కిరాణా అంగడి. ప్రయాణాలకు చిరుతిండి చెయ్యడంలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో లేరని నాకు గట్టి నమ్మకం. మావాళ్ళలో ఎవరు ఏ బండెక్కినా వెంట నా డబ్బా ఉండాల్సిందే. చెక్కలు, మురుకులు, అన్నిటికంటే ముఖ్యం వేరుశెనగ ఉండలు. ఆ ఉండలే నా మనవరాలి ప్రాణం మీదికి తెచ్చాయి.

మా అమ్మాయి దాక్షాయణి కూతురు గౌరికి ఏడాది నిండిన రోజు, నేనే నా చేత్తో ఒక ఉండ చిదిపి చిటికెడు నాకించాను. కాఫీ కాచేంత సేపు కూడా కాలేదు. పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందక పిల్ల ఎగబీల్చడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి పరిగెత్తి సూది వేయించాక గానీ మామూలు మనిషి కాలేదు. బెంగుళూరులో పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, ఈ బిడ్డకు వేరుశెనగ విషం, పాలు కూడా పడవు, వేరుశెనగ అంటుకున్న గిన్నె సైతం తగలనివ్వద్దు అన్నాడు. కొత్త తిండి ఏది పెట్టినా మొదటిసారి ఆసుపత్రిలోనే పెట్టమని కూడా అన్నాడు. కోలారు జిల్లాలో పుట్టిన పిల్లకు వేరుశెనగ పడకపోవడమేమిటని నేను ఆ డాక్టర్ని దారి పొడుగునా తిట్టాను. ఇంటికొచ్చాక వారం రోజులు ఎవరూ చూడకుండా ఏడ్చాను.

ఇంట్లో ఉన్నంతకాలం ఏదోలా నెట్టుకొచ్చాం. అన్నం, పప్పు, రాగి సంకటి పిల్ల గిన్నెలో పిల్లకే. చిక్కు వచ్చింది అల్లుడు జయరాం వల్ల. మా గనులు సర్కారు చేతికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, కొత్తవాళ్ళను తీసుకోవడం ఎప్పుడో మానేశారు. అతనికి రాయచూరు పక్కన హట్టి గనిలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలల తర్వాత ఇల్లు ఇచ్చారు, బిడ్డను తీసుకుని రమ్మని జాబు రాశాడు. 'నేను వచ్చేటప్పుడు పాకుతున్న పిల్ల ఇప్పుడు నడుస్తుందట గదా' అని అందులో ఒక ముక్క. అది చదివి దాక్షాయణి రెండు పూటలు అన్నం తినలేదు.

వెళ్ళాలంటే రెండు రైళ్ళు, ఒక బస్సు. ఇల్లు వదిలింది మొదలు ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో సగం పగలు. వండిన అన్నం ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది. బిస్కెట్లలో పాలు. మురుకుల్లో వేరుశెనగ నూనె. అరటిపండు రెండు తింటే మూడోది మన మొహాన ఉమ్ముతుంది. పైగా రైల్లో కూర్చున్న పసిపిల్లకు ఎదుటి బెంచీ వాళ్ళు ఏదో ఒకటి పెట్టకుండా ఊరుకోరు, మా వైపు అది మర్యాద. చేతిలో తనకంటూ ఏమీ లేని, రెండేళ్ళు నిండని పిల్ల ఎవరు పెట్టినా నోరు తెరుస్తుంది. అలా ఒక ఉండ ముక్క నోట్లోకి పోతే, నడిదారిలో ఆసుపత్రి ఎక్కడ దొరుకుతుంది?

"దీనికి దోవంతా నమిలేదానికి ఒగటి దొరికేంతవరకూ నేను బండెక్కనమ్మా" అంది దాక్షాయణి. నేను చేతకాని దానిలా కూర్చున్నాను. ఊరందరికీ డబ్బాలు కట్టిన నాకు నా మనవరాలికి కట్టడానికి ఏమీ తోచలేదు.

అప్పుడే బొరుగులు తట్టాయి. బియ్యం, ఉప్పు. ఇంకేముంది అందులో? బియ్యమూ ఉప్పూ రోజూ తినేవేగదా, దానికి ఆసుపత్రి దాకా ఎందుకనుకున్నాను. సొన్నమ్మ దగ్గర శేరు కొలిపించి తెచ్చి, నాలుగు గింజలు గౌరి అరచేతిలో పోశాను. పిల్ల ఎంత సంబరంగా నమిలిందో. అరగంటలో కనురెప్పలు వాచి దద్దుర్లు తేలాయి. ఈసారి ఊపిరి దాకా రాలేదు, ఆసుపత్రిలో మందుకు తగ్గింది. నా కోపం మాత్రం తగ్గలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా బట్టీకి వెళ్ళి, పదిమంది ముందు నోరు పారేసుకున్నాను. ఏం కలిపావన్నాను. ఏ మురికి నూనె చల్లావన్నాను. పసిబిడ్డ ఉసురు తగులుతుందన్నాను. సొన్నమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఒక్కటే అడిగింది.

"బిడ్డ ఎట్లుండాదమ్మా?"

బతికుందని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మర్నాడు మా పెరటి వాకిట్లో సొన్నమ్మ నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో మా ఇంటికి రావడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నిన్నంతా యోచన చేసినానమ్మా. తప్పు ఇసకది. ఆ ఇసకలోనే గదా చెనిక్కాయలు ఏంచేది. మా అత్త కాలం నుంచీ ఆ నూనె దాంట్లో ఇంకి ఉండాది. బియ్యం దాంట్లోనే పొంగుతుంది. నాకే తట్టలేదు."

నాకు మాత్రం తట్టిందా? ముప్ఫై ఏళ్ళుగా ఆ మూకుడి ముందు నిలబడి వేడి వేరుశెనక్కాయలూ కొన్నాను, బొరుగులూ కొన్నాను. వేరే ఇసుక పోస్తానంది సొన్నమ్మ. నా పొగరు ఇంకా దిగలేదు కాబట్టి, దానికేం ఎదురుగా కొండలున్నాయిగా అని దిబ్బల వైపు చెయ్యి చూపించాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"అది గని ఇసకమ్మా. దాంట్లో సైనైడు మందుండాది. బిడ్డ నోటికి పొయ్యేదానికి యాడైనా పనికొస్తుందా?"

అలా వెళ్ళింది బైరకూరు. అక్కడ తమ్ముడు సొన్నప్పకు వాగు పక్కన రాగి చేను ఉంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ వాగు ఇసుక తవ్వి, మూడుసార్లు జల్లించి, ఏడు నీళ్ళు మార్చి కడిగి, బండ మీద ఆరబోసి గోతానికెత్తారు. ఇసుక ఎక్కించనని కండక్టరు గొడవపెట్టుకున్నాడట. ఇది ఇసుక కాదు, మందు అని చెప్పి, గోతాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ముళబాగలు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు మారి వచ్చింది. సొన్నమ్మ అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ అబద్ధమో కాదో.

తర్వాత పద్దెనిమిది రోజులు ఆ ఇసుక కాగింది. కొత్త మూకుడు, కొత్త పుల్లల కట్ట. జల్లెడ కూడా కొత్తది కావాలని ఆమే గుర్తు చేసింది. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మొదలుపెట్టేది. నూకలు వేసి కాల్చడం, తీసి పారెయ్యడం, మళ్ళీ కాల్చడం. నాలుగో రోజు నుంచి బియ్యం వేసింది. రుచి చూసే పని రామకృష్ణప్పది. ఉన్న పళ్ళే తక్కువ, అందులో ఒకటి ఆ పనిలో విరగ్గొట్టుకున్నాడు. రోజూ కాసేపు నమిలి, "ఇంగా రాయి ఉండాది" అనేవాడు. ఆ గంపెడు బొరుగులు కోళ్ళకు పోసేవారు.

ఆ పద్దెనిమిది రోజులూ బట్టీలో వేరుశెనక్కాయలు వేయించలేదు. పొట్టు గాలికి ఎగిరి కొత్త మూకుట్లో పడుతుందని ఆమె భయం. నేను అడగకుండానే మానేసింది. కాయల కోసం వచ్చినవాళ్ళతో, బట్టీకి ఒళ్ళు బాగాలేదు, తర్వాత రండి అని పంపేసేది.

నేను రోజూ వెళ్ళేదాన్ని. మొదట తప్పులు పట్టడానికే వెళ్ళాను. పట్టడానికి ఏమీ దొరకలేదు. క్షమించమని అడగడం నాకు చేతకాదు, పుట్టింటి వాళ్ళెవరూ నేర్పలేదు. దాని బదులు పీట మీద కూర్చుని నీలగిరి ఆకు పొయ్యిలోకి తోశాను. పొగకు కళ్ళు మండేవి. కళ్ళు తుడుచుకోవడానికి అదొక సాకు. అంత దగ్గరగా కూర్చున్నాక గానీ ఆమె మణికట్టు మీద కాలిన మచ్చలు నాకు కనిపించలేదు.

పద్దెనిమిదో రోజు రామకృష్ణప్ప నమిలి ఏమీ అనలేదు. ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

ఈసారి నా తెలివి నమ్ముకోలేదు. డాక్టరు చెప్పినట్టే ఆసుపత్రి వరండాలో కూర్చుని, నర్సమ్మ పక్కనుండగా దాక్షాయణి ఒకే ఒక్క గింజ గౌరి నోట్లో పెట్టింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత రెండు.  సొన్నమ్మ మా వెంట వచ్చి, మెట్ల మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. చూసే ధైర్యం లేదంది. గంట గడిచింది, రెండో గంట గడిచింది. రెప్పలు వాచలేదు. గౌరి పొట్లం వైపు చెయ్యి చాపి, "ఇంగ" అంది. ఆ మాటకు సొన్నమ్మ వెనక్కి తిరిగింది. పలచటి కనుబొమల కింద ఆ కళ్ళు ఎంత అందంగా ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది.

బయలుదేరే రోజు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళు తిరిగిన నా డబ్బాను ఎంత తోమినా నమ్మబుద్ధి కాలేదు. అల్మారా పైన పెట్టేసి కొత్తది కొన్నాను. గౌరి గౌను మీద తెలుగులో, కన్నడంలో, తమిళంలో 'నాకేమీ పెట్టకండి' అని దారంతో కుట్టాను. సొన్నమ్మ తెల్లవారుజామునే వేయించి తెచ్చి, తన చేత్తోనే డబ్బా నింపి మూత బిగించింది. సంచిలో మందు సీసా, బెంగుళూరు డాక్టరు రాసిన చీటీ. రైలు కదిలాక నేనూ సొన్నమ్మా ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడ్డాం. 

పది రోజులకు దాక్షాయణి జాబు వచ్చింది. అది తీసుకుని నేరుగా బట్టీకి వెళ్ళాను. సొన్నమ్మకు చదువు రాదు, నేనే గట్టిగా చదివాను.

బంగారుపేట దాటగానే ఎదుటి బెంచీ ఆవిడ వేరుశెనగ ఉండ తీసి చెయ్యి చాపిందట. గౌను మీద రాత ఆవిడ చూడలేదు. దాక్షాయణి లేచేలోగా గౌరి డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికెడు బొరుగులు తీసి ఆవిడకు ఇవ్వబోయిందట. దాక్షాయణి పిల్ల చెయ్యి ఎవరికీ తగలకుండా డబ్బా మూతలో పోయించి, సంగతి చెప్పి, అందరికీ పంచిందట. ఆవిడ ఉండ మూటకట్టి లోపల పెట్టేసి చేతులు కడుక్కుని వచ్చిందట. అక్కడి నుంచి రాయచూరు దాకా ఎక్కినవాళ్ళకల్లా గౌరే అలా మూతలో పోసి పెట్టింది. ఇవ్వడంలో పడి తీసుకోవాలన్న ధ్యాసే లేకపోయింది పిల్లకు. అడుగున మిగిలిన పిడికెడు మాత్రం వాళ్ళమ్మను కూడా ముట్టుకోనివ్వలేదు. బస్సు దిగగానే జయరాం దగ్గరికి నడిచి వెళ్ళి, "నాయనకి" అని అతని నోట్లో పెట్టింది. అల్లుడు బస్టాండులో అందరి ముందూ కూలబడి ఏడ్చాడట.

జాబు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. సొన్నమ్మ మూకుట్లో పుల్లల కట్ట తిప్పుతూనే ఉంది.

"ఎవరికైనా రాయి తగిలిందంట్నా?"

"తగల్లేదు సొన్నమ్మా" అన్నాను. ఇన్ని రోజులుగా నోట్లో నలుగుతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "ఆ పొద్దు నేననిన మాటలు మనసులో పెట్టుకోవద్దు."

ఆమె పుల్లల కట్ట పక్కన పెట్టింది. పొయ్యి చల్లారేదాకా ఉండమంది. సాయంత్రం అత్త ఇసుక ఒక కుండకెత్తింది. పాతబడాలని రోజూ ఒక వాయి కాస్తున్న బైరకూరు ఇసుక చిన్న కుండకెత్తి నా చేతుల్లో పెట్టింది.

"ఇది నీ మనవరాలిది. నువ్వే లోపల పెట్టమ్మా."

కుండ ఇంకా గోరువెచ్చగా ఉంది. నేను దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి తీసుకెళ్ళాను.