కేకవ్వ రాకుంటే అవ్వ ఓటెయ్యదు

ఓటుహక్కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, దేశం నిలబడేదీ కూలేదీ నా మీదే ఆధారపడి ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. తెల్లారి లేస్తే ఫోన్ నిండా మన మతం, మన దేశం, మనవాళ్లు మేలుకోవాలి అనే మెసేజులు. వాటిని తెలిసినవాళ్లందరికీ పంపేవాణ్ణి (వాళ్లలో సగం మంది వాటిని నాకు పంపినవాళ్లే). కేజీఎఫ్‌లో మా గని కార్మికుల క్వార్టర్ల లైన్లలో ఎలక్షన్ వస్తే ఇళ్లు మనవీ వాళ్లవీ అని రెండుగా చీలిపోయేవి. మా పార్టీ పెద్దను శాలువన్న అనేవాళ్లం, ఎండాకాలంలోనూ ఆయన భుజం మీది శాలువా దిగేది కాదు మరి. ఆయన నన్ను పిలిచి, "మీ లైన్లో మనోళ్లంతా వచ్చి మన గుర్తుకే ఓటు గుద్దల్ల. ముందు మీ అవ్వను తీసుకొని రా. పని సరిగ్గా చేస్తే యువజన విభాగానికి నువ్వే లీడరు" అన్నాడు. "అవ్వ ఓటు నా జేబులో ఉండాదన్నా" అన్నాను. విజిటింగ్ కార్డు మీద ఏ ఫొటో వేయించాలో కూడా ఆ సాయంత్రమే తేల్చుకున్నాను.

ఓట్ల రోజు పార్టీ ఆటో తీసుకొని ఇంటికి పోతే (ఓటర్లను బండ్లలో తేకూడదని రూలు, రూలు అన్ని పార్టీలకూ తెలుసు, ఆటో కూడా అన్ని పార్టీలకూ ఉంది) అవ్వ తీరిగ్గా రాగులు చెరుగుతోంది. "నేను రాను పోరా. కేకవ్వకు మోకాలు పట్టేసుండాది" అంది. పక్కింటి కేకవ్వ తమిళ క్రైస్తవురాలు. ప్రతి క్రిస్మస్‌కూ మాకు కేకు పంపుతుంది కాబట్టి ఆ పేరు. ఆమె భర్తా మా తాతా ఒకే షిఫ్టులో గనిలోకి దిగినవాళ్లు. అప్పటినుంచి అవ్వలిద్దరూ కలిసే ఓటుకు పోతారు. ఈమె గుడివాళ్లు చెప్పిన గుర్తుకు, ఆమె చర్చివాళ్లు చెప్పిన గుర్తుకు గుద్ది, వచ్చేటప్పుడు చెరో బోండా తింటారు.

"ఆయమ్మకూ నీ ఓటుకూ ఏం సంబంధమవ్వా?"

"ఇద్దరమూ పోతే సరికి సరి. ఆయమ్మ లేవలేక పండుకోనుంటే, ఇంగ నేనొక్కదాన్నే దొంగమాదిరి పోయి గుద్దేసి వస్తే బాగుంటాదా అప్పా?"

బతిమాలాను. దేశం అన్నాను, ధర్మం అన్నాను. చేట ఆగలేదు. గత్యంతరం లేక, వాళ్ల ఓటును బతిమాలడానికి పక్కింటికి పోయాను. కేకవ్వ కిటికీలోంచి ఆటోను చూసి, "వేణాం కన్నా, ఆ జెండా ఉండే బండి నేనెక్కను. చర్చిలో ఏమంటారు?" అంది. జెండా పీకి సీటు కింద కుక్కాను. బండిలో మోగుతున్న పార్టీ పాట ఆపించాను. ఆమెను ఎత్తినంత పని చేసి కూర్చోబెట్టాక గానీ అవ్వ చేట కింద పెట్టలేదు.

బూతు దగ్గర ఆటోను చూసి శాలువన్న నవ్వాడు. అవ్వ దిగితే ఆ నవ్వు ఇంకా పెద్దదైంది. నా భుజం పట్టుకొని కేకవ్వ దిగేసరికి మాయమైంది.

"ఎవర్ని తెచ్చినావురా?"

"ఒకటి మనది, ఒకటి వాళ్లదన్నా. ఈమె లేకుంటే ఆమె రాదు."

"మన పెట్రోలు పోసి వాళ్ల ఓటు తెస్తివా!" అని నా మెడలోని పార్టీ కండువా లాక్కొని, ఆటోను కూడా పంపించేశాడు. నా లీడరుగిరీ అక్కడే ముగిసింది. అవ్వలిద్దరూ ఇదేదీ పట్టించుకోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని క్యూలో నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు నడకే. నాకు దుఃఖం ఆగడం లేదు. వాళ్లు మాత్రం చెరో పక్క నుంచి నన్ను పట్టుకొని దారంతా పోట్లాడుతూనే ఉన్నారు.

"మీవోళ్లు గెలిస్తే కొళాయిలో నీళ్లొస్తాయా?"

"మీవోళ్లు గెలిచినప్పుడు మాత్రం వచ్చినాయా?"

ఆ ఎలక్షన్లో ఎవరు గెలిచారో చెప్పను, మీకూ మీవాళ్లుంటారు. ఆ రెండు ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక నేను దేశానికి చేసిన సేవ సున్నా. అయినా, ఒక్కో చేతికీ ఒక ముసలమ్మను తగిలించుకొని, ఏడుపు మొహంతో ఎండలో నడుస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. దేశాన్ని మోస్తున్నానని విర్రవీగిన రోజులన్నిట్లో వాడు నిజంగా మోసింది ఆ ఒక్క మధ్యాహ్నమే. పాపం, వాడికా సంగతి తెలియదు.