బాపు నోట ఆరున్నొక్కటి

మొన్న గ్యాస్ బండ తెచ్చినాయన గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగితే, ఫోన్లో 285714 అని కనబడగానే చెప్పడం మరిచి నాలో నేనే నవ్వుకుంటూ ఉండిపోయాను. "జర జల్ది చెప్పు మేడం, ఇంకా శానా ఇండ్లున్నయి" అని ఆయన విసుక్కున్నాడు. అవి మా బాపుకు మాట తెచ్చిన అంకెలని ఆయనకేం తెలుసు?

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండలో లెక్కల పంతులమ్మను. హాలియా దగ్గర మా ఊళ్ళో బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ నోరూ పడిపోతే నా దగ్గరికే తెచ్చుకున్నాను. దవాఖానలో డాక్టరు ఒకటి నుంచి పది దాకా చెప్పమంటే, బాపు నోరు కూడదీసుకొని "లాభం" అని మొదలుపెట్టి, ఆరు తర్వాత "ఆరున్నొక్కటి" అన్నాడు. పట్నంలో పెరిగిన ఆ డాక్టరు, మతి కూడా పోయిందేమోనని నా వైపు జాలిగా చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. కల్లంలో వడ్లు కొలిచేవాళ్ళు ఒకటి అనరనీ, లాభం అంటారనీ, ఏడు అంటే ఏడుపు వినబడుతుందని ఆరున్నొక్కటి అంటారనీ, జన్మంతా కుంచం పట్టిన మనిషికి మతి ఉన్నదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలనీ గడగడా చెప్పేశాను. మంచివాడే, నవ్వి, అయితే రోజూ లెక్కే చెప్పించమన్నాడు.

పది దాకా లెక్కంటే బాపుకు తొందరలోనే మొహం మొత్తింది. అప్పుడు నాకిష్టమైన సంఖ్యను ముందు పెట్టాను: లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. 142857ను రెండుతో హెచ్చవేస్తే 285714, మూడుతో అయితే 428571. ఆరు దాకా దేనితో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరస, మొదలయ్యే చోటే వేరు. నేనొక అంకె అంటే తర్వాతిది బాపు అనాలి; ఏడు వచ్చే చోట మాత్రం ఆరున్నొక్కటే. వడ్లు తొక్కే ఎడ్లు గుంజ చుట్టూ తిరిగినట్టుందని కాబోలు, ఎడమచేత్తో గాలిలో సున్నా చుట్టి వంకర నోటితోనే నవ్వేవాడు. ఏడుతో హెచ్చవేస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే వచ్చి ఆట ముగుస్తుంది. అది చెప్పిన రోజు అలిగాడు కూడా.

అయినా అంకె తప్ప మాట రాలేదు. ఇక నన్ను బిడ్డా అని పిలవడేమోనని లోపల ఒకటే గుబులు. ఒక మధ్యాహ్నం, ఈ సంఖ్య ఎక్కడిదని చేత్తో అడిగాడు. లాభాన్ని ఆరున్నొక్కటి పాళ్ళు చేయబోతే, దశాంశ బిందువు తర్వాత ఈ ఆరంకెలే తెగకుండా తిరుగుతూ ఉంటాయని ఆయన భాషలోనే చెప్పాను. ఎన్నటికీ తీరదన్నట్టు ఎడమచేత్తో గాలిలో సున్నా మీద సున్నా చుట్టి, "లాభాన్ని ఏడుకు పంచితే ఒడుస్తదా బిడ్డా" అన్నాడు.

లెక్కలో ఎన్నడూ అనని ఏడును అన్నాడు, నన్ను బిడ్డా అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

బాపు పోయి కొన్నేండ్లయింది. ఇప్పుడు మా ఊరి వడ్లు కోత మిషన్లోంచి ట్రాక్టరులోకి, అక్కణ్ణుంచి కాంటా మీదికి పోతాయి. ఎర్రటి అంకెలు వాటంతటవే వెలుగుతాయి, నోరు తెరిచి లెక్కపెట్టే పని ఎవరికీ లేదు. తూకంలో తప్పు రాదు, మంచిదే. కానీ ఒక మనిషి మళ్ళీ మనలోకి వచ్చాడని ఆ అంకెల్లో ఎట్లా వినబడుతుంది?