ఆకు ఈనెల మధ్య పసుపు

ఇలియాస్ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ప్రైవేటు బస్సు నడిపేవాడు. పోయినేడాది బస్సు మీది నుంచి మూటలు దించుతూ నిచ్చెన జారి పడ్డాడు. నడుం విరిగింది. ఆపరేషనయ్యాక కర్రల మీద నాలుగడుగులు వేయగలిగాడు గానీ మెట్లు దిగలేకపోయాడు. వాళ్లుండేది మిద్దె మీది రేకుల గది. ఒకసారి ఆస్పత్రికని నలుగురు కుర్చీలో మోసుకుపోతుంటే కింది వాటా ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని చూశారు. అప్పటినుంచి దిగనన్నాడు.

భార్య ఆర్షియా పొద్దున్నే బట్టల కొట్టుకు పనికి పోయేది. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద సన్నగిల్లేదాకా ఇలియాస్ వింటూ కూర్చునేవాడు. ఇక సాయంత్రం దాకా ఆకాశం, పిట్టగోడ, ఆమె పెంచుకునే చెట్లు. పాత రంగు డబ్బాల్లో రెండు మందారాలు, ఒక నిమ్మ, ఆళ్లగడ్డ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మల్లె.

ఎండాకాలంలో వాటి ఆకులు పసుపెక్కాయి. బలం చాలక అనుకుని యూరియా తెప్పించి డబ్బాడబ్బాకు గుప్పెడు పోశాడు. వారం తిరక్కుండానే ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడాయి. మల్లె నిలువునా ఎండిపోయింది.

"అడగొద్దా నన్ను?" అంది ఆర్షియా. అంతే. ఆ పూట అన్నం పెట్టి అటు తిరిగి పడుకుంది.

మరునాడు ఇలియాస్ సిగ్గు చంపుకొని ఆమె మేనమామ కరీముల్లాకు ఫోన్ చేసి, యూరియా పోసిందీ మల్లె ఎండిందీ చెప్పాడు. ఆయన ఆళ్లగడ్డలో నర్సరీ నడుపుతాడు.

"పసుపు యాడ మొదలాయ, అల్లుడా? కింద ముదురాకుల్లోనా, కొన లేతాకుల్లోనా?"

ఇలియాస్ పిట్టగోడ పట్టుకుని వంగి చూశాడు. "కొనల్లో, మామూ. ఈనెలు పచ్చగనే ఉండాయి. వాటి నడుమ పసుపు."

"కింది ఆకులు పండింటే యూరియా అడిగినట్టు. ఇది ఇనుము అందక. నీళ్లేందీ?"

"బోరువి."

"డబ్బా అంచుకు తెల్లగా పేరుకుందా?"

"సున్నం కొట్టినట్టుంది."

"అదే. మట్టిలో ఇనుము ఉంటాది. ఆ సున్నం దాన్ని పట్టుకోని వేరుకు ఇడ్సదు. ముందు యూరియా పోసిన మట్టి పైన పైన తీసెయ్. ఐరన్ చీలేట్ అని ఇనుము మందు పొడి తెప్పించి చిటికెడు నీళ్లల్లో కలిపి పొద్దు వాలినాక ఆకులకు కొట్టు. వానపడితే ఆ నీళ్లే పట్టి పొయ్."

"మల్లె?"

"అది పాయ, అల్లుడా."

పొడి ఆర్షియానే తెచ్చింది. ఆమే స్ప్రే సీసాతో కొట్టడం మొదలుపెట్టాక ఇలియాస్ కుర్చీలోంచి "ఆకు అడుగున కొట్టు, ఆపక్క కొట్టు" అంటూనే ఉన్నాడు. ఆమె సీసా ఠక్కున కింద పెట్టింది.

"నేను నీ బస్సు క్లీనర్ని కాదు. పొద్దంతా కొట్లో నిలబడొచ్చినా."

ఇలియాస్‌కు ఒళ్లు మండింది. లేచి పోదామంటే పోయే చోటు లేదు. ఆ గదీ, ఆమె కోపమూ, తనూ. చాలాసేపయ్యాక కర్రలు పక్కన పెట్టి నేల మీదికి జారాడు. నడుం చురుక్కుమంది. పిరుదుల మీద జరుగుతూ డబ్బా నుంచి డబ్బాకు పోయి, ఆకులెత్తి అడుగున కొట్టాడు. ఆర్షియా చూసింది. ఆపలేదు, పట్టుకోనూ లేదు.

వానలు పడ్డాక రేకుల అంచు కింద బకెట్లు పెట్టాడు. మందారానికి కొత్త చిగుళ్లొచ్చాయి, ఆకు ఈనెల మధ్య కూడా పచ్చగా. నిమ్మ మాత్రం ఇంకా తటపటాయిస్తోంది.

"చూడు," అన్నాడు పనికి పోబోతున్న ఆర్షియాతో.

ఆమె వంగి చిగురును వేలితో తాకింది. "ఈ మాడిన ఆకులు?"

"అవి ఇంగ పచ్చబడవంట."

ఆమె తలూపి, ఎండిన మల్లె డబ్బాను ఎత్తి చంకన పెట్టుకుంది.

"యాడికి?"

"ఎండిన చెట్టు కింద పారేసి వస్తా. డబ్బా పనికొస్తాది."

ఆమె మెట్లు దిగింది. ఇలియాస్ సీసా తీసుకుని నిమ్మ దగ్గరికి జరిగాడు.